పునాది రాళ్లలో గుల్లల రాయి వచ్చింది, గౌరీపట్నం క్వారీలోకి ఇది ఎలా చేరింది?

పద్మజ, నిడదవోలు

నమస్కారం. మేము ఇల్లు కట్టుకుంటున్నాం. పునాదికి గౌరీపట్నం వైపు క్వారీ నుంచి నల్లరాయి తోలించాం. లారీ దింపుతుంటే ఆ నల్లరాళ్ల మధ్య తెల్లటి బండముక్క ఒకటి కనబడింది. రెండు చేతులతో ఎత్తాల్సినంత ఉంటుంది. దాని నిండా మెలితిరిగిన, మొనదేలిన చిన్న గుల్లలు. ఒక మూల మందపాటి ఆల్చిప్ప ముక్క కూడా రాయిలోనే ఇరుక్కుని ఉంది. గోరుతో గీకితే ఊడదు, రాయిలో రాయి అయిపోయింది.

మా అత్తయ్య చూసి, చుట్లు ఉన్నాయి కాబట్టి ఇది సాలగ్రామమే అని కడిగి దేవుడి గదిలో పెట్టేశారు. మేస్త్రీ మాత్రం సున్నపు ముక్క, పునాదిలో పడనివ్వొద్దు అన్నాడు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వాడి దృష్టిలో ఇది డైనోసార్ల కాలానిది, అంతకంటే తక్కువైతే వాడికి నచ్చదు.

నా సందేహం ఇది. నల్లరాయి అగ్నిపర్వతం లావా చల్లారి ఏర్పడిందని చదువుకున్నాను. లావాలో గుల్లలు బతకవు కదా? పోనీ సముద్రం అనుకుందామంటే మాకు ఏ వైపు చూసినా 50, 60 కిలోమీటర్లకు తక్కువ లేదు. తెలిసినవారు చెప్పగలరు. ఇది నిజంగా సాలగ్రామమేనా అన్నది కూడా చెప్పండి, ఇంట్లో ఆ ప్రశ్నే పెద్దది.

గోదావరి గట్టు

వరదల్లో కొట్టుకొచ్చిన గుల్లలై ఉంటాయండీ. 1986 వరద చూసినవాళ్లకు గోదావరి ఏమేమి ఎక్కడెక్కడ పడేసి పోతుందో తెలుసు.

రాళ్ల మూర్తి

వరద కాదు. గోదావరి తెచ్చిన గుల్లలు ఒండ్రులో విడివిడిగా దొరుకుతాయి, చేత్తో ఏరుకోవచ్చు. పద్మజ గారి రాయి సున్నపురాయిగా గట్టిపడి, పైన ఒక లావా, కింద ఒక లావా ఉన్న చోటు నుంచి వచ్చినట్టుంది. ఏ వరదా ఆ పని చేయలేదు.

నేను ఉద్యోగ జీవితమంతా ఈ జిల్లాల్లో చమురు బావుల మీద, బావిలోంచి వచ్చే రాతిపొడి చూస్తూ గడిపినవాణ్ని. ఈ ప్రశ్న మా పక్క రాయి గురించి కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తాను. ఓపిక లేనివారు దాటేయండి.

ముందు సాలగ్రామం సంగతి. సాలగ్రామ శిలలు నేపాల్‌లో కాళీ గండకి లోయలో దొరుకుతాయి. వాటిలోని చుట్లు అమ్మొనైట్ అనే జీవివి. అది నత్త కాదు, ఇప్పటి ఆక్టోపస్, స్క్విడ్‌ల వైపు బంధువు. ఆ నల్లటి షేల్, అంటే బురద గట్టిపడిన రాయి, జురాసిక్ కాలపు సముద్రానిది. మీ దగ్గర ఉన్నవి పొడవుగా, మొన తేలి ఉన్నాయంటున్నారు కాబట్టి నత్త జాతి గుల్లలు. కాబట్టి సాలగ్రామం కాదు. అత్తయ్య గారిని మాత్రం ఆ గదిలోంచి తీయమని నేను చెప్పను. సముద్రంలో పుట్టి రాయిగా మారిన ప్రాణిని పూజించడంలో సాలగ్రామానికీ దీనికీ తేడా ఏమీ లేదు. ఇది పైగా స్వదేశీ.

ఇప్పుడు అసలు విషయం. గోదావరికి ఇటు దుద్దుకూరు, గౌరీపట్నం, పంగిడి, అటు రాజమండ్రి దగ్గర కాతేరు. ఈ ఊళ్ల చుట్టూ ఉన్న నల్లరాయిని పుస్తకాల్లో రాజమండ్రి ట్రాప్స్ అంటారు. మీరు అనుకున్నట్టు అది లావాయే. అయితే ఒకే లావా కాదు. కింద ఒకటి, పైన ఒకటి. కిందిది పారి, చల్లారి, దాని నెత్తి కొంత శిథిలమైన తర్వాత చాలా కాలం ఏ లావా రాలేదు. ఆ విరామంలో దానిమీద బురద, ఇసుక, సున్నం, గుల్లలు పేరుకున్నాయి. తర్వాత రెండో లావా వచ్చి అన్నింటినీ కప్పేసింది. మధ్యలో చిక్కిన ఆ పొరల మందం క్వారీల్లో 4 నుంచి 9 మీటర్లు. గుల్లలు నిప్పులో బతకలేదు, రెండు నిప్పుల మధ్య బతికాయి.

అది ఎలాంటి చోటు? లోతు సముద్రం కాదు, పూర్తిగా నేలా కాదు. నది సముద్రంలో కలిసే మొగ, దాని వెనుక ఉప్పుటేరు, బురద గట్లు. దీనికి సాక్ష్యం గుల్లలే ఇస్తాయి. ఆల్చిప్పలు గుట్టలుగా పేరుకున్నాయంటే తీరం దగ్గరి లోతు తక్కువ ఉప్పు నీరు. సెరిథియం జాతి నత్తలు బురద మీద పాకేవి. వీటి బంధువులను చూడాలంటే కోరింగ మడ అడవులకు వెళ్లి ఆటు సమయంలో బురద వైపు చూడండి, కాలు పెట్టే చోటు ఉండదు. ఇక కాతేరు పొరల్లో కారా అనే నాచు కాయలు దొరికాయి. అది మంచినీటి చెరువుల్లో, కొద్దిగా ఉప్పు తగిలే నీళ్లలో పెరుగుతుంది. 1939లో కె. శ్రీపాదరావు, ఎస్.ఆర్. నారాయణరావు ఈ కారా శిలాజాల మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. ఒకే పొరల వరుసలో సముద్రపు జీవి, మంచినీటి నాచు రెండూ ఉన్నాయంటే పోటు వచ్చినప్పుడు సముద్రం, వాన పడినప్పుడు నది గెలిచే చోటు అన్నమాట. ఇంకా పైకి వెళితే మట్టి రంగు మారి, ఒకప్పుడు గాలికీ ఎండకూ బయటపడిన నేల ఆనవాళ్లు కనబడతాయి. సముద్రం వెనక్కి జరిగి మట్టి నేల ఏర్పడింది. దానిమీదే రెండో లావా పారింది.

మన ఊళ్ల పేర్లు ఈ రాళ్ల చరిత్రలో చాలా ముందే చేరాయి. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ 1860లో ఈ గుల్లలను వర్ణిస్తూ ఇక్కడి ఆల్చిప్పకు ఆస్ట్రేయా పంగడియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన పంగిడే. 1880లో భారత భూగర్భ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ గోదావరి జిల్లా రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. ఇన్నేళ్ల నుంచి లోకం చదువుతున్న పొరను మనం కంకర మధ్య చెత్తగా పారబోస్తున్నాం. ఆ కోపం నాకుంది, దాచుకోను.

పద్మజ గారూ, ఒక్క పని చేయండి. గుల్ల మీద చుట్లు నున్నగా ఉండి సన్నటి దారాల లాంటి గీతలు మాత్రమే తిరిగాయా, లేక చుట్టు పొడవునా చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయా? నున్నగా, బాగా పొడవుగా ఉంటే టర్రిటెల్లా కావచ్చు. అది దుద్దుకూరులో కింది లావాకు కూడా కింద ఉన్న పొరలో ఎక్కువ. ఆ పొర డైనోసార్ల ఆఖరి యుగమైన క్రెటేషియస్ చివరినాటిది, అంటే మీ అబ్బాయి గెలుస్తాడు. బుడిపెలు ఉంటే రెండు లావాల మధ్య పొర. అప్పుడు వాడు కొద్దిలో ఓడిపోతాడు.

పద్మజ, నిడదవోలు

మూర్తి గారూ, చాలా కృతజ్ఞతలు. భూతద్దం పెట్టి చూశాం. బుడిపెలే. వరసగా పూసల్లా ఉన్నాయి. పెద్దది చిటికెన వేలి పొడవు కూడా లేదు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. "కొద్దిలో" అంటే ఎంత అని అడగమంటున్నాడు. రెండో ప్రశ్న నాది. ఇక్కడ అగ్నిపర్వతం ఎక్కడుంది? మా చుట్టుపక్కల అలాంటి కొండ ఏదీ లేదు.

అత్తయ్య మీ మాట విని సంతోషించారు. రాయి అక్కడే ఉంది.

రాళ్ల మూర్తి

రెండో ప్రశ్న ముందు. అగ్నిపర్వతం ఇక్కడ లేదు. లావా మహారాష్ట్ర నుంచి వచ్చింది. నవ్వకండి. పశ్చిమ కనుమల్లో దక్కన్ ట్రాప్స్ లావాలకు ఘాట్ల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టి వరస కట్టారు. మన కింది లావా రసాయన కూర్పు అక్కడి అంబెనలి అనే వరుసతో, పై లావాది మహాబలేశ్వర్ వరుసతో సరిపోతాయి. 2008లో అగ్నిపర్వతాల శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు ఈ పోలికలన్నీ కూర్చి, భూమి మీద ఇంతకంటే పొడవైన లావా ప్రవాహాలు ఉన్నాయా అని అడిగారు. దూరం సుమారు 1000 కిలోమీటర్లు. మధ్యలో వందల కిలోమీటర్ల మేర ఈ రాయి నేల మీద కనబడదు. పాత నదుల లోయల వెంట పారి ఉంటుందని, ఆ లోయల్లోని రాయి తర్వాత కోసుకుపోయిందని అంచనా.

అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చింది అంటారు. లావా పైన త్వరగా పెంకు కడుతుంది. పెంకు కట్టాక లోపలి వేడి బయటకు పోవడం బాగా తగ్గుతుంది. వెనుక నుంచి కొత్త లావా లోపలికి తోసుకొస్తూంటే పెంకు పైకి లేస్తుంది, ముందు అంచు పగిలి మరికొంత సాగుతుంది. హవాయిలో ఇది చిన్న ఎత్తున ఇప్పటికీ జరుగుతుంది. వాలు తక్కువైనా, సరఫరా ఆగకుండా ఉంటే చాలు. కృష్ణ మహాబలేశ్వర్‌లో పుడుతుంది, గోదావరి త్ర్యంబకంలో పుడుతుంది, రెండూ ఇటే వస్తాయి. అప్పటి నదులు ఇవే అని నేను అనను గాని, నేల వాలు తూర్పుకే ఉందన్నది మాత్రం ఆ లావా రుజువు చేస్తోంది.

సముద్రం దగ్గర కూడా అది ఆగలేదు. రాజోలు దగ్గర బావులు తవ్వినప్పుడు కిలోమీటర్ల లోతున ఇదే నల్లరాయి, దాని మధ్య ఇలాంటి పొరలు తగిలాయి. అక్కడి ఆ రాళ్లకు రాజోలు ఫార్మేషన్ అని పేరు. డ్రిల్లింగ్ బురదలోంచి మెత్తని బూడిదరంగు పొడి వస్తూ వస్తూ ఒక్కసారి నల్లటి చురుకు ముక్కలు రావడం మొదలైతే బావి దగ్గర అందరూ లేచి కూర్చుంటారు. బావి తవ్వే బిట్ (మొన) అరుగుదల గురించి తిట్లు కూడా అప్పుడే మొదలవుతాయి. కోనసీమ కొబ్బరి తోటల కింద, ఎంతో లోతున, పంగిడి క్వారీ రాయి పడుకుని ఉంది.

ఇక కుర్రవాడి ప్రశ్న. డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల సంవత్సరాల కింద. మీ రాయి ఆ గీతకు కాస్త ఇవతలి వైపుది. ఎంత కాస్త అన్నది పెద్ద గుల్లలు చెప్పలేవు. సెరిథియం లాంటివి లక్షల ఏళ్లు పెద్దగా మారకుండా ఉంటాయి. చెప్పగలిగినవి ఫొరామినిఫెరాలో తేలే రకం. సముద్రపు నీటిలో తేలే ఏకకణ జీవులు, సున్నపు పెంకు కట్టుకుంటాయి, చచ్చాక అడుగుకు రాలతాయి. ఆ మహావినాశనంలో ఇవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత వచ్చినవి అతి చిన్నవి. వాటిలో ఒకదాని పేరు పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా. పేరు ఒక లైను, ఒళ్లు మిల్లీమీటరులో పదోవంతు అటూఇటూ. వినాశనం తర్వాత తొలి అంకానికి అదే గుర్తు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, మన దేశపు శాస్త్రవేత్తలతో కలిసి రాజమండ్రి చుట్టుపక్కల నాలుగు క్వారీల్లో పొర వెంట పొర నమూనాలు తీసి 2008లో ప్రచురించారు. కింది లావాకు సరిగ్గా పైన ఉన్న పొరల్లోనే ఆ తొలి అంకపు ఫొరామినిఫెరా దొరికాయి. అంటే కింది లావా ఆ వినాశనానికి అతి దగ్గరి కాలంలో పారింది. పై లావా వచ్చేనాటికి కూడా సముద్రపు జీవం పూర్తిగా కోలుకోలేదు. దీన్ని బట్టి ఆమె, వినాశనంలో దక్కన్ అగ్నిపర్వతాల పాత్ర పెద్దదని వాదిస్తారు. మెక్సికోలో పడిన గ్రహశకలమే కారణమనేవారు ఎక్కువమంది ఉన్నారు. ఆ తగవు ఇంకా తెగలేదు. నా మటుకు నేను గ్రహశకలం వైపే మొగ్గుతాను, కానీ మన క్వారీలు లేకుండా ఆ తగవు నడవదు.

ఇంకో సాక్ష్యం కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. లావా చల్లారేటప్పుడు దానిలోని ఇనుప ఖనిజాలు అప్పటి భూమి అయస్కాంత దిశను పట్టుకుని అలాగే ఉండిపోతాయి. కింది లావా పట్టుకున్నది తలకిందుల దిశ. అంటే అప్పుడు దిక్సూచి ఉంటే ముల్లు దక్షిణం చూపేది. పై లావాలో ఇప్పటి లాంటి దిశే ఉంది. రెండింటి మధ్య ఎప్పుడో భూమి అయస్కాంతం తిరగబడింది. మీ నత్తలు బురద మీద పాకుతున్న రోజులకు అటూఇటుగా ఉత్తర దక్షిణాలు మారాయి. నత్తలకు ఏమీ పట్టి ఉండదు.

కాబట్టి అబ్బాయితో చెప్పండి: వాడి రాయిలోని నత్తలు డైనోసార్లను చూడలేదు. డైనోసార్లు పోయాక ఖాళీ అయిన తీరంలో మళ్లీ కాపురం పెట్టిన మొదటి తరాల్లోవి. అందుకే అందులో అమ్మొనైట్ దొరకదు, అవి డైనోసార్లతో పాటే పోయాయి. నన్నడిగితే ఇదే అరుదైన రాయి. డైనోసార్ల కాలపు రాళ్లు దేశంలో చాలా చోట్ల ఉన్నాయి.

భాస్కర్, ద్వారకా తిరుమల

మూర్తి గారి మాటకు చిన్న చేర్పు. మన జిల్లాలో అమ్మొనైట్లు అసలు లేవని ఎవరూ అనుకోవద్దు. చింతలపూడి వైపు రాఘవాపురం షేల్ అనే పాత పొరల్లో అవి దొరికాయి, పక్కనే మొక్కల ఆకుల ముద్రలు కూడా. అది ఈ లావాల కంటే చాలా పాతది, క్రెటేషియస్ మొదటి భాగపు సముద్రం. దాని మీద ఉన్న ఇసుకరాయికి తిరుపతి సాండ్‌స్టోన్ అని పేరు. చాలామంది పెద్ద తిరుపతి అనుకుంటారు, కానీ అది మా వైపు గుట్టల రాయి. అంటే సముద్రం ఇటు ఒక్కసారి వచ్చి పోలేదు, వస్తూ పోతూ ఉంది.

రాళ్ల మూర్తి

అవును, సరిగ్గా చెప్పారు. ఆకులు, అమ్మొనైట్లు ఒకే షేల్‌లో ఉన్నాయంటే అదీ ఒడ్డుకు దగ్గరి సముద్రమే.

క్రషర్ శీను

అందరికీ నమస్కారం. నేను పంగిడి దగ్గర క్రషర్‌లో లోడింగ్ చూసుకుంటాను. ఈ తెల్ల పొర మాకు రోజూ కనబడేదే. మా కుర్రాళ్లు సుద్ద అంటారు. పైన నల్లరాయి తీశాక ఇది తగిలితే ఓనరు ముఖం మాడిపోతుంది, ఎందుకంటే దీన్ని కంకర ఆడించలేం, ఎవరూ కొనరు. జేసీబీతో తీసి పక్కన గుట్ట పోసి కింది నల్లరాయి కోసం పోతాం. అలా పోసిన గుట్టలోంచే ఒకటి పొరపాటున ఈ అమ్మగారి లారీలోకి వచ్చి ఉంటుంది.

ఆల్చిప్పలు ఒకచోట గోడలా పేర్చినట్టు ఉంటాయి, మూరెడు మందం. పెద్ద పొడుగు గుల్లలు నేను చూడలేదు, అన్నీ చిన్నవే. పైన నల్లరాయి ఆనుకునే చోట ఒక ఎర్రమట్టి పొర ఉంది, ఇటుక ముక్కలా గట్టిగా ఉంటుంది. అది ఎందుకు అలా ఉంది? ఇంకో సంగతి, ఆ గుట్టలోంచి మంచి ముక్కలు ఏరి పెడితే ఎవరికైనా పనికొస్తాయా?

రాళ్ల మూర్తి

శీనూ, మేమంతా ఇంతసేపు రాసినదానికంటే మీ నాలుగు లైన్లు విలువైనవి. ఆ ఎర్ర పొర నేను చెప్పిన పాత నేల. గాలికి, వానకు బయటపడి ఇనుము తుప్పు పట్టడం వల్ల ఎరుపు. తర్వాత మీద లావా పడి వేడికి కాలడం వల్ల ఆ గట్టితనం. మీరు ఇటుక అన్నారు, నిజానికి జరిగింది అదే పని.

ఏరడం గురించి. గుట్టలోంచి ఏరిన ముక్క చూడటానికి బాగుంటుంది, పిల్లలకు చూపించడానికి పనికొస్తుంది. చదువుకు మాత్రం సగమే పనికొస్తుంది, ఎందుకంటే అది ఏ పొరలోదో చెప్పలేం. ఆల్చిప్పల గోడకు పైన ఉన్నదా కింద ఉన్నదా అన్న ఒక్క ముక్క తెలిస్తే కథంతా మారుతుంది. గోడలోంచి తీయగలిగితే ఇలా చేయండి. తీయక ముందే ఫోనులో ఫొటో తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి. రాయికి పై వైపు ఏదో తెలిసేలా పెన్సిలుతో బాణం గుర్తు వేయండి. కింది నల్లరాయి నెత్తి నుంచి ఎన్ని మూరల ఎత్తులో ఉందో చీటీ రాసి అదే సంచిలో వేయండి. వేర్వేరు ఎత్తుల రాళ్లను ఒకే సంచిలో కలపొద్దు. పక్కన కొంచెం మెత్తటి బురదరాయి కూడా తీసుకోండి, పిడికెడు చాలు. అందంగా ఉండదు గానీ ఫొరామినిఫెరా ఉండేది అందులోనే.

బ్లాస్టింగ్ ఉన్న రోజున, వాన పడిన మర్నాడు గోడ దగ్గరికి పోవద్దు. మెత్తటి పొర మీద బరువైన నల్లరాయి కూర్చుని ఉంది, అది జారితే చెప్పి జారదు. ఇది పద్మజ గారి అబ్బాయికి కూడా వర్తిస్తుంది. క్వారీ వారి అనుమతి లేకుండా, పెద్దలు లేకుండా వెళ్లకూడదు.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం ఉంది. చీటీలతో ఉన్న నమూనాలైతే వాళ్లు తప్పకుండా చూస్తారని నా నమ్మకం.

క్రషర్ శీను

అలాగే సార్. ఎల్లుండి మెషిన్ సర్వీసింగు, పని ఆపేస్తాం. ఓనరును అడిగి అప్పుడు తీస్తాను. ఒక్కటి చెప్పండి, ఎర్ర పొరలో అక్కడక్కడ తెల్లటి సున్నపు ముద్దలు నిలువుగా, వేళ్లు దిగినట్టు ఉన్నాయి. అవి కూడా తీయాలా?

రాళ్ల మూర్తి

తీయండి, ముందు అవే తీయండి. అవి నిజంగానే చెట్ల వేళ్ల దారుల్లో పేరుకున్న సున్నం కావచ్చు. అయితే ఊడబెరక్కండి, చుట్టూ ఎర్రమట్టితో సహా దిమ్మలా కోసి, తడిగుడ్డ కాకుండా పొడి కాగితంలో చుట్టండి. పై వైపు బాణం మర్చిపోవద్దు. వేళ్లా కాదా తేల్చేది అవి ఏ దిశకు సన్నబడుతున్నాయన్నదే.